అక్కా, రాయి ఎంత?

పాడర్‌బోర్న్‌లో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు ఉంది. చలికాలం వచ్చిందంటే పొద్దున్నే అందులో ఎవరో ఒకరు ఒకటే ప్రశ్న వేస్తారు: "అక్కా, రాయి ఎంత?" కొత్తగా చేరిన పిల్లలు బిత్తరపోతారు. కాసేపటికి జవాబు వస్తుంది: "గాలి ప్లస్ ఒకటి. రాయి మైనస్ రెండు. సైకిల్ తీయకుండ్రి." ఇక ఆ రోజు ఎవరూ సైకిల్ తీయరు.

ఆ అక్క ఆండాళ్. నలభై ఆరేళ్ళు. పుట్టిల్లు జనగామ. రైల్వే స్టేషనుకి పది నిమిషాల దూరంలో ఒక పాత మూడంతస్తుల ఇంట్లో కింది వాటాలో ఉంటుంది. భర్త రవీంద్రనాథ్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురు గీతికకి పధ్నాలుగేళ్ళు, తల్లి తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. ఆండాళక్క కీటాలో, అంటే పసిపిల్లల బళ్ళో, వంట చేస్తుంది. వాతావరణం గురించి ఆవిడ ఏ కాలేజీలోనూ చదవలేదు. నేనూ చదవలేదు. ఆవిడ చెబితే విన్నదీ, అర్థంకాక మళ్ళీ అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

రాయి అంటే వాళ్ళ గుమ్మం ముందున్న ఇసుకరాయి పలక. దాని వేడి చూడ్డానికి ఆవిడ దగ్గర ఒక గన్ను ఉంది. బొత్తాం నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, ఆ చోటు ఎంత వేడో ఎంత చల్లనో అంకె చూపిస్తుంది. దాన్ని కొన్నది రవీంద్రనాథ్ గారు, వేరే పని కోసం.

"దోసె పెనానికి అంటుకుంటున్నదని కొన్నడు తమ్మీ. పెనం నూట తొంభై డిగ్రీలు దాటినంకనే పిండి వెయ్యాలె అని ఇంటర్నెట్‌ల చదివిండట. ఆదివారం పొయ్యి ముంగట పోలీసోని తీర్గ నిలబడేటోడు. మూడు దోసెలు మాడినయి. నాల్గోది నేను చెయ్యితోని చూసి వేసిన. ఆనాటి నుంచి గన్ను నాకొచ్చింది."

"నాల్గోది కూడా అంటుకుంది," అని లోపలి గదిలోంచి రవీంద్రనాథ్ గారి గొంతు.

"అంటుకోలే. మీరే గీకి గీకి చింపిండ్రు."

గ్రూపులో ఇంకో మాట కూడా ఆవిడదే: గాజువాన. దాని వెనక ఒక పొరపాటు ఉంది. మూడేళ్ళ క్రితం ఒక జనవరి పొద్దున ఆవిడ "ఈరోజు మంచు, బయటికి పోవద్దు" అని పెట్టింది. మన భాషలో మంచు ఒక్కటే మాట. పొద్దున గడ్డి మీద తడి అయినా మంచే, దారి కనపడకుండా కమ్మేది అయినా మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేది అయినా మంచే. ఎం.ఎస్. చదవడానికి వచ్చి అప్పటికి రెండు నెలలయిన శ్రీచరణ్ ఆ మెసేజ్ చూసి, మంచు పడుతోందట అని ఫోన్ పట్టుకుని వీడియో తీయడానికి పరుగున బయటికి వెళ్ళాడు. ఆ వీడియో ఇప్పటికీ గ్రూపులో ఉంది. ముందు ఆకాశం, తర్వాత ఒక బూటు, తర్వాత మళ్ళీ ఆకాశం. వెనకనుంచి "అమ్మా" అన్న ఒక్క కేక.

"మంచంటే వీళ్ళకు ఫోటోలే. భయం పుట్టే పేరు పెట్టాలె అనుకున్న," అంది ఆండాళక్క. జర్మన్‌లో దాన్ని ఐస్‌రేగెన్ అంటారు. పైన గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి వాన నీళ్ళలాగే పడుతుంది. కింద నేల అంతకు ముందు రోజుల చలికి బిగిసిపోయి ఉంటుంది. చుక్క రాయికి తగిలిన చోటే గడ్డకడుతుంది. దాని మీద ఇంకో చుక్క. అరగంటలో ఊరంతా గాజు పోత పోసినట్టవుతుంది. చూస్తే తడి రోడ్డులాగే ఉంటుంది, అదే మోసం.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావక్కా అని మొదటిసారే అడిగాను. రెండోసారి వెళ్ళినప్పుడు, టీ పోస్తూ చెప్పింది.

"ఒకామె చెయ్యి ఇరగ్గొట్టి నేర్చుకున్న."

పదకొండేళ్ళ క్రితం మాట. ఆవిడకి ఈ దేశంలో అది మొదటి చలికాలం. ధనుర్మాసం వచ్చింది. జనగామలో వాళ్ళింట్లో ఆ నెల్లాళ్ళూ వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేయకుండా తెల్లవారదు. సాన్పి అంటే మా గోదావరి వైపు కల్లాపి.

"ఆండాళ్ అని పేరు పెట్టుకోని గీ నెల ముగ్గెయ్యకుంటె ఎట్ల తమ్మీ? ఐదింటికి లేచి బకెట్‌ల నీళ్ళు పట్టిన. మెట్టు మీద, రాయి మీద మంచిగ చల్లిన. ముగ్గు పెడుతుంటె పెడుతుంటెనే నిగనిగ మెరుస్తున్నది. అబ్బ, జర్మనీ రాయి ఎంత సక్కగున్నది అనుకున్న. మా ఆయనను లేపి చూపిద్దామని లోపలికి పోయిన. అంతల పైవాటా ఫ్రౌ వీమర్స్ పేపర్ కోసం బయటికొచ్చింది. ఆమె కాలు నా ముగ్గు మీద పడ్డది. ఆమె నా రాయి మీద పడ్డది."

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆండాళక్కకి అప్పటికి జర్మన్ రాదు. పులిహోర చేసి గిన్నె పట్టుకుని పైకి వెళ్ళింది. తలుపు తీసింది హెర్ వీమర్స్, ఆమె భర్త. ఇక్కడ గారు అనడానికి ఆడవాళ్ళకి ఫ్రౌ, మగవాళ్ళకి హెర్. ముప్ఫై ఒక్కేళ్ళు రోడ్ల మీద ఉప్పు చల్లే బండి నడిపి రిటైరయిన మనిషి. ఆయన గిన్నె తీసుకుని లోపల పెట్టి, ఒక థర్మామీటరు పట్టుకొచ్చి, ఈవిణ్ణి కిందికి రమ్మని సైగ చేశాడు. గాలిలో పట్టుకుని చూపించాడు, ప్లస్ ఒకటి. రాయి మీద పెట్టి చూపించాడు, మైనస్ మూడు. తర్వాత గాలిని వేలితో చూపిస్తూ నాలుగు మాటలన్నాడు. ఆ మాటలకి అర్థం ఆవిడకి నెల తర్వాత తెలిసింది: గాలి అబద్ధమాడుతుంది, రాయి ఆడదు.

ఆ నెలంతా పాఠమే. రోజూ పొద్దున ఇద్దరూ గుమ్మంలో. ఏ పొర పేరు ఏమిటి, దేని మీద కాలు ఆగుతుంది, దేని మీద ఆగదు. "జర్మన్‌ల వంకాయను ఏమంటరో తెల్వకముందే నాకు జారుడుకు ఆరు పేర్లు వచ్చినయి," అని నవ్వింది. మరి ముగ్గు? ఇప్పుడు నీళ్ళు లేకుండా, పొడి సుద్దతో, గోడవారగా వేస్తుంది. ఫ్రౌ వీమర్స్‌కి ఆ మాట నోటికి వచ్చు. "మూగు" అంటుంది.

హెర్ వీమర్స్‌కి ఇప్పుడు ఎనభై ఆరు. మరుపు జబ్బు వచ్చి రెండేళ్ళుగా వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు, ఇంటికి ఏడువందల మీటర్ల దూరంలో, వాగు దాటి. పేర్లు గుర్తు లేవు, మాటలు దాదాపుగా ఆగిపోయాయి. ఒక్క విషయంలో మాత్రం పట్టుదల ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి భోజనం భార్య చేత్తో పెడితేనే నోరు తెరుస్తాడు. నర్సులు పెడితే పెదవులు బిగిస్తాడు. పోయిన ఏడాది ఫ్రౌ వీమర్స్‌కి జ్వరం వచ్చి మూడు రోజులు వెళ్ళలేకపోయింది. ఆ మూడు రోజులూ ఆయన ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు ఆస్పత్రిలో చేర్చి సూది ద్వారా సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా అయితే తట్టుకోలేడని డాక్టరు చెప్పాడు.

ఈ జనవరిలో గాజువాన వచ్చింది బుధవారం. దానికి ముందు నాలుగు రోజులు మైనస్ ఆరు, మైనస్ ఏడు. ఆ పొద్దున ఆరింటికి ఆండాళక్క గన్ను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఫోన్‌లో చూస్తే గాలి సున్నా. రాయి మైనస్ మూడు పాయింట్ నాలుగు. గీతిక వదిలేసిన పాత గళ్ళ పుస్తకంలో రాసుకుని గ్రూపులో పెట్టింది: "గాజువాన వస్తున్నది. నేను చెప్పేదాక ఎవ్వరు గడప దాటకుండ్రి. శ్రీచరణ్, నీకే చెప్తున్న."

"అక్కా, మూడేళ్ళయింది, ఇంకా ఎన్నాళ్ళు?" అని అతని జవాబు.

"వీడియో డిలీట్ చేసేదాక."

ఏడింటికి చిటపట మొదలైంది. ఎనిమిదికల్లా సైకిల్ సీట్లకి, చెట్ల కొమ్మలకి, ఉత్తరాల పెట్టె మూతకి గాజు తొడుగు పడింది. బడులు మూసేశారు, కీటా మూసేశారు. అత్యవసరమైతే తప్ప బయటికి రావద్దని ఊరి అధికారుల మాటలు ఫోన్ల నిండా మోగాయి. బస్సులు లేవు. టాక్సీవాడు ఫోనే ఎత్తలేదు.

తొమ్మిదిన్నరకి గంట మోగింది. తలుపు తీస్తే ఫ్రౌ వీమర్స్. ఎనభై రెండేళ్ళు, పొట్టి మనిషి, అప్పటికే కోటు బొత్తాలు పెట్టుకుని ఉంది.

"వెళ్ళకండి," అంది ఆండాళక్క జర్మన్‌లో, ఆమె నోరు తెరవకముందే. "వద్దు. ఇవాళ ఒక్క రోజు."

"వెళ్ళాలా వద్దా అని అడగడానికి రాలేదు నేను. ఎప్పుడు వెళ్ళాలో చెప్పమని వచ్చాను."

"నేను చెప్పలేను. మీరు పడితే..."

"ఒకసారి పడేసి లేపారుగా, ఫ్రౌ ఆండాళ్. ఇప్పుడు పడకుండా తీసుకెళ్ళండి. పన్నెండింటికి ఆయన నోరు తెరుస్తాడు. పన్నెండున్నరకి నిద్రపోతాడు. మధ్యలో నేనుండాలి. ఆ రాయిని అడిగి చెప్పండి."

అని వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూచుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది.

ఈ సంగతులు నేను ఆ శనివారం అదే వంటింట్లో కూచుని విన్నాను. ఫ్రౌ వీమర్స్ కూడా ఉంది. ఆండాళక్క ముందు తెలుగులో నాకు చెప్పి, తర్వాత ఆమెకి జర్మన్‌లో చెబుతుంటే, ఆమె మధ్యమధ్యలో సవరించేది. "నా గుండె దడదడ కొట్టుకున్నది," అని ఆండాళక్క అంటే, "రెండు కప్పుల టీ తాగింది, గుండె దడకి," అని ఈమె.

గాజువాన ఒకచోట ఆగి ఉండదు, పడమటి నుంచి వస్తుంది. దాని వెనకే వెచ్చటి వాన వస్తుంది, నేల కరిగేది దానితోనే. అందుకని పడమట ఏం జరుగుతోందో తెలిస్తే ఇక్కడ ఏం జరగబోతుందో తెలుస్తుంది. ఇది కూడా హెర్ వీమర్స్ చెప్పిందే. ఆయన కాలంలో పక్క డిపోకి ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు. ఆండాళక్కకి డిపోలు లేవు, తెలుగువాళ్ళున్నారు. ముప్ఫై కిలోమీటర్ల పడమట లిప్‌స్టాట్‌లో చంద్రిక ఉంది. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్న ఆ పిల్లకి ఫోన్ కొట్టింది.

"చంద్రికా, మీ మెట్టు ఎట్లున్నది?"

"అక్కా, మీటింగ్‌లో ఉన్నాను."

"మీటింగ్ ఆడనే ఉంటది. చెప్పు తొడుక్కోని మెట్టు మీద కాలు పెట్టి గీకు. రెండు చేతులతోని రెయిలింగ్ పట్టుకో."

కాసేపు చప్పుడు. "జారుతోంది అక్కా. కానీ పైన నీళ్ళున్నాయి."

"ఇరవై నిమిషాలకోసారి గీకు."

పది గంటల ఇరవై నిమిషాలకి చంద్రిక మెసేజ్: "గరగరమంటోంది. అంచులో రాయి కనపడుతోంది." గాలి వేగం చూసుకుంటే అక్కడిది ఇక్కడికి రావడానికి గంట. ఆండాళక్క పుస్తకంలో గీత గీసింది. పదకొండు ఇరవై. ఈలోగా తన రాయిని పదేసి నిమిషాలకోసారి చూసింది. మైనస్ రెండు. మైనస్ ఒకటిన్నర. మైనస్ సున్నా పాయింట్ ఆరు. పదకొండు పదిహేనుకి సున్నా. పదకొండు ఇరవైకి ప్లస్ సున్నా పాయింట్ రెండు. గుమ్మం మీద గాజు పలచబడి, కింద నీళ్ళు కదిలి, కాలు పెడితే పెళుసుగా విరిగింది.

"పోదాం," అంది.

రవీంద్రనాథ్ గారు తనూ వస్తానంటే వద్దంది. "మీరు పడితే లేపనీకి ముగ్గురు కావాలె."

ఇక్కడ మామూలు రోజుల్లో ఇళ్ళ ముందు ఉప్పు వేయనివ్వరు, సన్న కంకర చల్లుతారు. ఆ కంకర ఒక స్టీలు డబ్బాలో నింపుకుని ఆండాళక్క ముందు నడిచింది. ఆవిడ భుజం పట్టుకుని ఫ్రౌ వీమర్స్ వెనక. కాళ్ళు ఎత్తకుండా, పెంగ్విన్‌లాగా, అరికాలు మొత్తం ఒకేసారి ఆన్చుతూ. అయిదువందల మీటర్లు, ఇరవై నిమిషాలు. వీధిలో ఇంకెవరూ లేరు. చూరుల నుంచి గాజు ముక్కలు రాలుతున్న చప్పుడు.

వాగు దగ్గరికి వచ్చేసరికి ఆండాళక్క ఆగిపోయింది.

ఈ ఊరి పేరే ఆ వాగు మీద వచ్చింది. ఊరి నడిమధ్యే వందల ఊటలు పుట్టి వాగవుతాయి. ఆ నీళ్ళు ఎంత చలికీ గడ్డకట్టవు, పొద్దున్నే వాటి మీద ఆవిరి లేస్తుంటుంది. ఆ ఆవిరి చెక్క వంతెనకి పట్టి, రోజూ పొర మీద పొర. గన్ను పట్టుకుని నొక్కింది. మైనస్ ఒకటి పాయింట్ మూడు. వంతెన ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే అద్దం.

"నేలకు కింద నుంచి వెచ్చదనం వస్తది. వంతెనకు కింద గాలే. అన్నిటికంటె ముందు గడ్డకట్టేది వంతెన, అన్నిటికంటె ఎనక కరిగేది వంతెన. ఆయన నాకు నూరుసార్లు చెప్పిండు తమ్మీ. నేను నా గుమ్మం రాయిని చూసి టైం చెప్పిన. పెద్దమనిషిని వెంటబెట్టుకోని ఆడిదాక పోయినంక యాదికొచ్చింది."

టైము పదకొండు నలభై. వంతెన పధ్నాలుగు మీటర్లు. చుట్టూ తిరిగి పోయే దారి రెండు కిలోమీటర్లు. కరిగేదాకా ఆగితే ఒంటిగంట. ఆండాళక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెనక్కి పోదాం, నాదే తప్పు," అంది.

ఫ్రౌ వీమర్స్ చేతిసంచి తెరిచింది. అందులోంచి రెండు జతల ఉన్ని మేజోళ్ళు తీసింది. బూడిదరంగువి, లావుపాటివి, మోకాలి దాకా వచ్చేవి, తన చేత్తో అల్లినవి. హెర్ వీమర్స్ ఉద్యోగంలో ఉన్నప్పటివి.

"బూట్ల మీద తొడుక్కోండి."

"బూట్ల మీదనా?"

"ముప్ఫై ఒక్కేళ్ళు ఈ పని చేసినవాడి పెళ్ళాన్ని. వట్టి రాయిని నమ్ముకుని బయటికి వస్తానా?"

తడి ఉన్ని మంచుగడ్డని పట్టుకుంటుంది, జారనివ్వదు. ఇది ఆయన ఆండాళక్కకి చెప్పలేదు. "ఇంటి రహస్యం," అంది ఫ్రౌ వీమర్స్ శనివారం నాడు, నా వైపు చూసి కన్ను గీటి.

ఒకరి భుజం ఒకరు పట్టుకుని బూట్ల మీద మేజోళ్ళు లాక్కున్నారు. ఆండాళక్క మళ్ళీ ముందు. డబ్బాలో కంకర అడుక్కి వచ్చింది. బొటనవేలికి చూపుడువేలికి మధ్య పట్టి సన్నగా వదులుతోంది, అలవాటైన చెయ్యి.

"దట్టంగా వెయ్యండి," అంది వెనక నుంచి ముసలమ్మ. "మూగు కాదు ఇది."

ఆండాళక్కకి నవ్వొచ్చింది. నవ్వితే కాలు కదిలింది. కాలు కదిలితే ఇద్దరూ కమ్మీ పట్టుకుని కొయ్యబారి నిలబడ్డారు. ఒకసారే జారామని ఆండాళక్క అంటుంది, మూడుసార్లని ఫ్రౌ వీమర్స్. పధ్నాలుగు మీటర్లు దాటడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. అవతల తారు దారి తడిగా, నల్లగా ఉంది. గన్ను చూస్తే ప్లస్. కానీ మేజోళ్ళు విప్పడానికి చేతులు మొద్దుబారాయి. అలాగే నడిచారు.

ఆశ్రమంలోకి వెళ్ళేసరికి పన్నెండు అయిదు. హెర్ వీమర్స్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ముందు బల్ల మీద పప్పు సూప్. పక్కన నర్సు చెంచా పట్టుకుని నిలబడి ఉంది. ఆయన పెదవులు బిగించి ఉన్నాయి.

ఫ్రౌ వీమర్స్ కోటు విప్పి, పక్కన కూచుని, చెంచా అందుకుని నోటి దగ్గర పెట్టింది. ఆయన తెరవలేదు.

"మళ్ళీ పెట్టింది. తెరవలే," అంది ఆండాళక్క. "నా పానం పోయింది తమ్మీ. ఇంత చేసి వచ్చినంక..."

ఆయన భార్య మొహం చూడటం లేదు. కిందికి చూస్తున్నాడు. ఆమె కాళ్ళ వైపు, తర్వాత ఆండాళక్క కాళ్ళ వైపు. నేల మీద నీళ్ళు మడుగు కడుతున్నాయి. కనుబొమలు ముడిపడ్డాయి. నెల రోజులుగా ఒక్క మాట అనని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"నావి," అన్నాడు.

నర్సు గబుక్కున తిరిగి చూసింది.

"మేజోళ్ళు. నావి." పక్కా కోపం. ఎవరో తన గూట్లోంచి దొంగిలించినట్టు.

ఇద్దరూ వంగి విప్పారు. ఫ్రౌ వీమర్స్ ఆ నాలుగు మేజోళ్ళనీ పిండి, ఆయనకి ఎదురుగా కనపడేలా హీటరు మీద వరసగా ఆరేసింది. ఆయన వాటిని ఒక్కొక్కటీ చూశాడు. లెక్క సరిపోయినట్టుంది. అప్పుడు నోరు తెరిచాడు.

శనివారం నేను వచ్చేస్తుంటే ఆండాళక్క గళ్ళ పుస్తకం చూపించింది. బుధవారం పేజీలో ఎడమవైపు టైము, పక్కన అంకెలు. ఆరింటికి రాయి ఇంత, పదకొండు ఇరవైకి ఇంత. వంతెన అంకె కింద రెండు గీతలు, గట్టిగా, కాగితం చిరిగేలా. దాని కింద ఆఖరి వరసలో, అంకె వేయాల్సిన గడిలో, ఆవిడ గుండ్రటి తెలుగు అక్షరాలు: "12.25. సూప్ మొత్తం తిన్నడు."

"ఎదురు మాట్లాడిండు అని కూడా రాయాల్సింది," అన్నాను.

"గడి సరిపోలే," అంది ఆండాళక్క.

పక్కన ఫోన్ మోగింది. గ్రూపులో శ్రీచరణ్: "అక్కా, రాయి ఎంత?"

ఆవిడ గన్ను తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. రాయి చూసింది. చూసి, లోపలికి రాకుండా, శాలువా కప్పుకుని వంతెన వైపు నడిచింది.